తెలుగు విద్యార్థి ఆంగ్లక్రియ : మాతృభాషపై మోపిన నింద

1

ఆంగ్లభాష నేర్చుకొను తెలుగు విద్యార్థి క్రియాపదములయందు చేయు తప్పులను గూర్చి మన విద్యాలయములలో ఒక అభిప్రాయము చిరకాలముగా పాతుకొనియున్నది. ఆ తప్పులన్నియు తెలుగునుండి వచ్చినవనియు, విద్యార్థి తెలుగులో తలచి ఇంగ్లీషులో పలుకుటచేతనే అవి పుట్టుచున్నవనియు, కావున తెలుగును ఎంత దూరముగా నుంచిన ఇంగ్లీషు అంత శుద్ధముగా వచ్చుననియు దాని సారాంశము. ఈ అభిప్రాయము ఉపాధ్యాయుల గదిలోని ముచ్చటగా మాత్రమే నిలిచియుండినచో దానిని విమర్శింప పనిలేదు. కాని బోధనామాధ్యమమును గూర్చిన వాదములలో ఇది ప్రమాణమువలె చెల్లుబడి యగుచు వచ్చినది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఆరవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమమును నిర్బంధము చేయుచు ఉత్తరువులు వెలువరించుటయు, 2020 ఏప్రిల్ నెలలో రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము వానిని కొట్టివేయుటయు చదువరులెరిగినదే. ఆ సందర్భమున ఉభయపక్షములవారును హక్కును గూర్చియు, అవకాశమును గూర్చియు, సంస్కృతిని గూర్చియు పెక్కు మాటలాడిరి. తెలుగు బాలుని నోట ఇంగ్లీషు క్రియ ఎట్లు మొలిచి ఎట్లు పెరుగునో పరిశీలించి మాటలాడినవారు మాత్రము అరుదు.

క్రియాపదమునే పరీక్షకు తీసికొనుటకు కారణము కలదు. నామవాచకములను బాలుడు ఎరువు తెచ్చుకొని వాడుకొనగలడు. 'లారీ', 'రేటు', 'స్కూలు' అను మాటలకు వ్యాకరణముతో పనిలేదు. క్రియతో కాలము, పురుషము, వచనము, నిషేధము, ప్రశ్న అన్నియు ముడివడియున్నవి. ఒక భాష మరియొక భాషకు అడ్డుపడుట నిజమే యైనచో ఆ అడ్డంకి మొదట కనబడవలసినది క్రియయందే. కనుక మాతృభాషపై మోపిన నింద నిలుచునో నిలువదో ఇచ్చటనే తేల్చుకొనవచ్చును. ఆ నిందలో కొంత నిజము కలదనియు, అందలి ముఖ్యభాగము మాత్రము నిలువదనియు నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

2

పరిశీలనకు గుంటూరు, ప్రకాశము మైదానములను ఎన్నుకొంటిని. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట ఈ నల్లరేగడి భూములు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాలలో పంచుకొనబడియున్నవి గాని, పత్తియు మిరపయు పండు ఈ నేలకు భాషలోను బ్రతుకులోను ఒక ఏకత్వము కలదు. ఇచ్చట ఆంగ్లవిద్య నేటిది కాదు. అమెరికా లూథరన్ మతప్రచారకుడైన హేయరు గుంటూరు చేరినది 1842లో. ఆ సంఘమువారి పాఠశాలలనుండి పెరిగి ఆంధ్ర క్రైస్తవ కళాశాల వెలసినది 1885లో. అయినను ఈనాటికిని, తల్లిదండ్రులు మిరపకోతకో పత్తితీతకో పోవుచుండగా, తమ ఇంట మొదటి తరముగా బడికి వచ్చు పిల్లలు ఇచ్చట అనేకులు కలరు. కోతకాలమున కర్నూలు మున్నగు ప్రాంతములనుండి వలసవచ్చు కుటుంబముల పిల్లలును వారితో కలియుదురు. వీరికి ఇంగ్లీషు వినబడునది తరగతి గదిలోను, దూరదర్శన యంత్రములోను, చేతి ఫోనులోను మాత్రమే. ఇంట మాటలాడుటకు తోడులేదు. రెండవభాష ఎట్లు పెరుగునో చూచుటకు ఇట్టి స్థలము తగినది.

ఈ ప్రాంతమునకు క్రియాపదముతో మరియొక సంబంధముకూడ కలదు. 1832-33 నాటి గుంటూరు కరువు రోజులలో ఇచ్చట ఉద్యోగము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తానొక రెండవభాషాభ్యాసకుడు. తెలుగు క్రియ ఆంగ్లేయునకు ఎంత కొరుకుడుపడని వస్తువో స్వయముగా ఎరిగి, 1840లో తన తెలుగు వ్యాకరణమును ప్రకటించినాడు. తెలుగు ధాతువులను చారిత్రక తులనాత్మక దృష్టితో శోధించి 1961లో గ్రంథము వెలువరించిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1928లో జన్మించినది ఒంగోలులో. తెలుగు క్రియను ఇంత లోతుగా ఎరిగిన పండితులతో సంబంధమున్న ఈ నేలమీదనే, తెలుగు క్రియ ఇంగ్లీషుకు శత్రువను మాట విచారణ లేకయే చెల్లుచుండుట చింతింపదగిన విషయము.

3

మొదట పూర్వపక్షమును న్యాయముగా వినిపింతము. ఈ ప్రాంతపు తరగతి గదులలో పనిచేసినవారికి ఈ క్రింది రూపములు పరిచితములే. 'మై ఫాదర్ ఫార్మర్' అని సహాయక్రియను వదలుట. 'డెయిలీ ఐ యామ్ గోయింగ్ టు స్కూల్' అని నిత్యవ్యాపారమునకు 'ఇంగ్' రూపమును వాడుట. 'ఐ యామ్ హావింగ్ టూ ఏకర్స్', 'ఐ యామ్ నోయింగ్' అనుట. 'హి గో', 'షి ఈట్' అని ప్రథమపురుషైకవచనమునందలి 'స్' ప్రత్యయమును లోపింపజేయుట. 'డిడ్ నాట్ వెంట్' అనుట. 'గోడ్', 'కమ్డ్' అని లేని రూపములను కల్పించుట. తప్పుల పట్టిక వ్రాయువారు వీనినన్నింటిని ఒకే గాటకట్టి, అన్నింటికిని తెలుగే మూలమని శీర్షిక తగిలింతురు.

ఇందు తెలుగు బాధ్యత వహింపవలసిన భాగమును దాచనక్కరలేదు. తెలుగున 'మా నాన్న రైతు' అన్నప్పుడు క్రియయే లేదు. రెండు నామములు ప్రక్కప్రక్కన నిలిచి వాక్యము పూర్తియగును. కావున 'ఈజ్' అనునది బాలునికి అర్థములేని అలంకారమువలె తోచుట సహజము. అట్లే 'చేస్తున్నాడు' అను రూపము, ఈ మైదానపు వాడుకలో 'చేస్తన్నాడు', కేవలము ఈ క్షణమున జరుగు పనినే చెప్పదు. 'వాడు రోజూ బడికి వెళ్తన్నాడు', 'మేము గుంటూరులో ఉంటన్నాం' అని కొంతకాలముగా సాగుచున్న అలవాటును, నివాసమును గూడ చెప్పును. తెలుగు రూపము పరచుకొన్నంత మేర 'ఇంగ్' రూపమునుగూడ పరచుట 'డెయిలీ ఐ యామ్ గోయింగ్' అను వాక్యమునకు మూలమని అంగీకరింపవచ్చును. రాబర్ట్ లాడో 1957లో ప్రకటించిన గ్రంథమున రెండు భాషలను ప్రక్కప్రక్కన నిలిపి పోల్చినచో అభ్యాసకుని కష్టములను ముందుగా ఊహింపవచ్చునని వాదించెను. పై రెండు తావులలో ఆ ఊహ ఫలించినది.

4

ఇక నిలువని భాగమును చూతము. లాడో మతము సర్వత్ర సత్యమైనచో, తెలుగునకును ఇంగ్లీషునకును పోలిక యున్నచోట తప్పు రాకూడదు. కాని మిక్కిలి మొండియైన తప్పులు పోలిక యున్నచోటనే వచ్చుచున్నవి.

మొదటిది 'స్' ప్రత్యయలోపము. తెలుగు సమాపక క్రియ కర్తతో పొత్తు కుదుర్చుకొనక సాధారణముగా నిలువదు. 'వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు' అని పురుషమునుబట్టియు, వచనమునుబట్టియు, లింగమునుబట్టియు ప్రత్యయము మారును. మూడేండ్ల బిడ్డయు ఈ పొత్తును తప్పడు. ఇంగ్లీషున వర్తమానమున ఒకేయొక పొత్తు, అదియు ఒకేయొక ప్రత్యయము. ఇంత సంపన్నమైన పొత్తుకు అలవాటుపడిన నోటికి ఆ చిన్న 'స్' ఎందుకు పట్టుబడదు? మాతృభాషయే సర్వకారణమైనచో తెలుగు బాలుడు దీనిని అందరికంటె ముందుగా నేర్వవలెను. అతడు అందరివలెనే వెనుకబడుచున్నాడు.

తెలుగు అజంతభాష గనుక పదాంతమున హల్లు నిలువక లోపించుచున్నదని ఒక సమాధానము చెప్పవచ్చును. ఇది విచారింపదగినదే. అయితే అదే ధ్వని 'బుక్స్', 'కాట్స్' అను బహువచనములలో బాలుని నోట ఇంతకంటె సులభముగా పలుకుచున్నది. ధ్వని యొకటే, అది చేయు పని వేరు. కావున నాలుకను నిందించి ప్రయోజనము లేదు.

రెండవది 'డిడ్ నాట్ వెంట్'. తెలుగు భూతకాల నిషేధమును గమనింపుడు : 'వెళ్ళలేదు'. ఇందు ధాతువు తుమర్థక రూపమున కాలచిహ్నము లేక నిలుచును. నిషేధమును 'లేదు' అను సహాయపదము మోయును. 'నేను వెళ్ళలేదు, ఆమె వెళ్ళలేదు, వారు వెళ్ళలేదు' అని పొత్తుకూడ మాయమగును. ఇంగ్లీషున 'డిడ్ నాట్ గో' అనునదియు సరిగా ఇట్టి కట్టడమే. సహాయక్రియ భారము వహించును, ముఖ్యధాతువు నగ్నముగా నిలుచును. పదక్రమము వేరైనను సూత్రము ఒక్కటియే. తెలుగునే అనుసరించినచో విద్యార్థి 'గో' అనవలెను గాని 'వెంట్' అనరాదు. కావున ఈ తప్పు తెలుగును అనుసరించుటచేత వచ్చినది కాదు. భూతకాలమును ఒకచోట గుర్తించుట చాలదేమో యను శంకతో రెండుచోట్ల గుర్తించుట ఇది. ఇతర భాషలవారైన ఆంగ్లాభ్యాసకులయందును కానవచ్చునదే.

మూడవది 'ఐ యామ్ నోయింగ్'. దీనికి తెలుగు మూలమనువారు 'నాకు తెలుసు' అను వాక్యమును ఒక్కసారి ఉచ్చరించి చూడవలెను. ఇందు 'తున్నా' రూపము లేదు. 'నాకు తెలుస్తున్నది' అన్నచో అర్థమే మారి, క్రమముగా బోధపడుచున్నదని తేలును. తెలుగు 'తెలుసు' 'నో' అను ఇంగ్లీషు క్రియవలె స్థితివాచకమే. పైగా ఈ ప్రయోగము తెలుగువారి సొత్తు కాదు. హిందీ, తమిళము మున్నగు భాషలవారి ఇంగ్లీషునందును వినబడునదే. బ్రజ్ కాచ్రూ 1983లో ఇంగ్లీషుయొక్క భారతీయీకరణమును గూర్చి గ్రంథము వ్రాయునాటికే ఇట్టి వాడుకలు దేశవ్యాప్తములు. కావున మన విద్యార్థి దీనిని తన తెలుగునుండి కాక, తన చుట్టును వినబడు ఇంగ్లీషునుండియే, ఒక్కొక్కప్పుడు బోధకుని నోటనుండియే, గ్రహించుచుండవచ్చును.

నాల్గవదియైన 'గోడ్', 'కమ్డ్' అను రూపములను గూర్చి వాదమే అక్కరలేదు. ఇంగ్లీషు తల్లుల బిడ్డలును బాల్యమున ఇట్లే పలుకుదురు. ఇవి అజ్ఞానమునకు గాక సూత్రజ్ఞానమునకు చిహ్నములు. 'వెంట్' అని చిలుకవలె పలికిన బాలుడు కొన్నాళ్ళకు 'గోడ్' అనుచున్నాడనిన వెనుకకు పోయినట్లు కనబడును గాని, భూతకాల ప్రత్యయమును విడదీసి గుర్తించినాడని అర్థము. ఆనాడు ఎఱ్ఱసిరా పడుచున్నది; పడవలసినది మెప్పు.

5

ఈ నాలుగు తప్పులకును తెలుగు కారణము కానిచో కారణమేమి? ఈ ప్రశ్నకు గడచిన అరువదేండ్ల పరిశోధన కొంత సమాధానము చెప్పినది. పిట్ కోర్డరు 1967లో ప్రకటించిన వ్యాసమున అభ్యాసకుని తప్పు అతని అంతరంగమునందలి భాషావ్యవస్థకు సాక్ష్యమని ప్రతిపాదించెను. లారీ సెలింకరు 1972లో ఆ వ్యవస్థకు ప్రత్యేకమైన పేరు పెట్టెను. దానిని మనము 'మధ్యభాష' యనవచ్చును. అది మాతృభాషయు కాదు, లక్ష్యభాషయు కాదు; తనకు తాను నియమములు గల మూడవది.

రోజర్ బ్రౌను అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు ఇంగ్లీషు మాతృభాషగాగల మువ్వురు శిశువుల పలుకులను ఏండ్ల తరబడి సేకరించి 1973లో ప్రకటించెను. అందు 'ఇంగ్' ప్రత్యయము మిక్కిలి ముందుగా వచ్చినది. బహువచనపు 'స్' తరువాత వచ్చినది. క్రియకు చేరు ప్రథమపురుషపు 'స్' చాల ఆలస్యముగా వచ్చినది. ధ్వని యొకటియైనను కాలము వేరైనదని చదువరులు గమనింతురు గాక. మరుసటి యేట హైదీ డ్యూలే, మెరీనా బర్టు అనువారు అమెరికాలో ఇంగ్లీషు నేర్చుకొనుచున్న స్పానిష్ బాలబాలికలను, చైనీ బాలబాలికలను పోల్చిరి. స్పానిష్ క్రియకు తెలుగు క్రియవలె పురుషవచన ప్రత్యయములు సమృద్ధిగా కలవు. చైనీ క్రియకు అవి బొత్తిగా లేవు. మాతృభాషయే నిర్ణాయకమైనచో ఈ ఇరువురి త్రోవలు వేరు కావలెను. కాని రెండు గుంపులవారి క్రమమును దాదాపు ఒకటిగా నుండెను. మన మైదానపు బాలుని 'హి గో' కు కారణము ఇచ్చట దొరకుచున్నది. అతడు తెలుగువాడగుటచేత కాదు, అభ్యాసకుడగుటచేతనే 'స్' ను వదలుచున్నాడు.

ఈ క్రమమునకు హేతువేమని 2001లో గోల్డ్‌ష్నైడరు, డికైజరు పూర్వపరిశోధనలనెల్ల కూర్చి విచారించిరి. చెవికి ఎంత స్పష్టముగా వినబడును, అర్థమునందు ఎంత చిక్కు కలది, రూపమునందు ఎంత నిలకడ కలది, ఎంత తరచుగా ఎదురగును, వాక్యమున దాని స్థానమెట్టిది అను ఐదంశములు కలిసి ఆ క్రమమును చాలవరకు వివరింపగలవని వారు తేల్చిరి. 'ఇంగ్' ఒక పూర్తి అక్షరముగా వినబడును. ఎన్నడును రూపు మారదు. 'స్' లేశమాత్రమైన ధ్వని. 'హి' అను కర్త ముందే చెప్పిన సంగతిని తిరిగి చెప్పుటతప్ప అది అధికార్థమును తెచ్చునది కాదు. తెలుగున 'వెళ్ళాడు' అన్నచో కర్తను చెప్పకున్నను ప్రత్యయమే కర్తను చూపును. ఇంగ్లీషు 'స్' కు ఆ శక్తి లేదు. పని చేయని కూలికి కూలి ఈయని రైతువలె బాలుని మనస్సు దానిని ప్రక్కకు పెట్టుచున్నది.

మాతృభాష ప్రభావము శూన్యమని ఇంతమాత్రమున చెప్పరాదు. మురకామి, అలెక్సోపూలు అనువారు 2016లో పలుభాషలవారి పరీక్షాపత్రములను విస్తారముగా పరిశీలించి, ఈ క్రమము మాతృభాషనుబట్టి కొంత మారుననియు, ఒక వర్గము మాతృభాషలో లేనప్పుడు ఆ భేదము ప్రస్ఫుటముగా నుండుననియు చూపిరి. మనకు 'ఈజ్' విషయమున ఎదురైనది ఇట్టిదే. సిద్ధాంతమేమన, మాతృభాష త్రోవలో మలుపులను పెట్టగలదు. త్రోవను మాత్రము అది వేయుట లేదు.

6

ఇంతవరకు తెలుగును కొంత నిర్దోషిగా తేల్చితిమి. ఇప్పుడు తెలుగు శాఖలవారము మన తప్పును మనమే ఒప్పుకొనవలసిన తావు వచ్చినది. విద్యార్థిని త్రోవ తప్పించినది పెక్కుసార్లు తెలుగు కాదు. ఇంగ్లీషు బోధనకై కల్పింపబడిన తెలుగు.

ఆంగ్ల వ్యాకరణ పాఠములలో కాలముల పట్టిక యొకటి తరతరములుగా నడచుచున్నది. 'గోస్' అనగా 'వెళ్ళును', 'ఈజ్ గోయింగ్' అనగా 'వెళ్ళుచున్నాడు', 'హాజ్ గాన్' అనగా 'వెళ్ళియున్నాడు', 'విల్ గో' అనగా 'వెళ్ళగలడు' అని బాలురు కంఠస్థము చేయుదురు. చూచుటకు ఈ పట్టిక శాస్త్రీయముగా నున్నది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున క్రియను వర్తమానము, భూతము, భవిష్యత్తు, తద్ధర్మము అని విభజించిన క్రమమును ఇది తలపించును. కాని సూరి చెప్పినది కావ్యభాషకు లక్షణము. ఇంగ్లీషు కాలములకు తెలుగు తూకపురాళ్ళను అమర్చుటకు కాదు.

వాడుకలో ఈ రాళ్ళు సరితూగవు. 'వెళ్ళును' అను తద్ధర్మ రూపము ఈ మైదానపు బాలుని నోట లేనే లేదు. అతని 'వెళ్తాడు' 'రోజూ వెళ్తాడు' అను అలవాటునకును, 'రేపు వెళ్తాడు' అను భావికిని సమానముగా చెల్లును. 'వెళ్ళగలడు' అన్నచో అతనికి తోచునది సామర్థ్యము, కాలము కాదు. కనుక పట్టికను నమ్మినవాడు 'విల్' ను 'కెన్' ను కలిపివేయుట ఆశ్చర్యము కాదు. ఇక 'వెళ్ళియున్నాడు' అనునది తెలుగున సహజముగా ఎవడు పలుకును? 'కూర్చుని ఉన్నాడు', 'తలుపు తెరచి ఉన్నది' అని పని ముగిసి నిలిచిన స్థితిని చెప్పుటకు ఈ కట్టడము కలదు. ఇంగ్లీషు 'హాజ్ గాన్' లోని భావమును, అనగా గతమునకు వర్తమానముతోగల సంబంధమును, తెలుగు సాధారణముగా 'వెళ్ళాడు' అను భూతముతోనే చెప్పుకొనును. 'లారీ వచ్చిందా?' అని యార్డువద్ద అడిగినవానికి 'వచ్చింది' అని సమాధానము. 'వచ్చియున్నది' అని కాదు. పట్టిక 'హాజ్' కు 'ఉన్నాడు' అని అర్థము నేర్పినది, తెలుగు నేర్పలేదు. సెలింకరు మధ్యభాషకు కారణములను చెప్పుచు మాతృభాషాసంక్రమణమును ఒకటిగను, శిక్షణాసంక్రమణమును మరియొకటిగను వేరుచేసెను. మన తప్పుల పట్టికలు ఈ రెంటిని ఒకటిచేసి, శిక్షణ చేసిన దోషమునుగూడ తల్లిభాష తలకు చుట్టినవి.

ఈ మాటచే గ్రాంథికభాషను నిందించుచున్నానని ఎవరును అనుకొనరాదు. ఈ వ్యాసమే ఆ ఛాయలో నడచుచున్నది. దాని స్థానము వేరు, పోలికకు నిలుపవలసిన తెలుగు వేరు అని మాత్రమే నా మనవి. పాఠశాలల తనిఖీ అధికారియైన యేట్సు దొర తెలుగు నేర్చుకొనుచు, పుస్తకపు తెలుగునకును పలుకు తెలుగునకును ఇంత దూరమేల యని లేవనెత్తిన సందేహము గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమమునకు ప్రేరకములలో ఒకటి. పంతులుగారు 1913లో ఆధునికాంధ్రమును గూర్చి ఆంగ్లమున నివేదికను ప్రకటించినారు. తెలుగు బోధనలో ఆ వాదము గెలిచినది. ఇంగ్లీషు బోధనలోని తెలుగు సగమునకు మాత్రము అది నేటికిని పూర్తిగా చేరలేదు.

7

పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన రెండు ప్రశ్నలను ఇచ్చట సూచించుచున్నాను.

మొదటిది కథనమునందలి భూతకాలము. తెలుగున ఎన్ని పనులైనను క్త్వార్థకములుగా గుదిగ్రుచ్చి చివర ఒక్క సమాపక క్రియతో ముగింపవచ్చును. 'కాయ కోసి, కల్లములో ఎండబెట్టి, తాలు ఏరి, టిక్కీలకెత్తి, యార్డుకు తోలినారు' అను వాక్యమున పనులు ఐదు, కాలచిహ్నము ఒకటి. ఇంగ్లీషున ప్రతి క్రియయు భూతరూపము ధరింపవలెను. మన విద్యార్థి కథ చెప్పునప్పుడు కొన్ని క్రియలను మాత్రమే భూతమున నిలిపి తక్కినవానిని నగ్నముగా వదలినచో, దానికి రెండు కారణములు ఊహింపవచ్చును. తెలుగు గొలుసే కారణమైనచో భూతచిహ్నము చివరి క్రియపై పడవలెను. అట్లు గాక, రోజర్ ఆండర్సను, యసుహిరో షిరాయ్ ప్రతిపాదించినట్లు క్రియాస్వభావమే కారణమైనచో, చిహ్నము క్షణమున ముగియు క్రియలపై ముందుగా పడవలెను. సాగు క్రియలపై 'ఇంగ్' ముందుగా నిలువవలెను.

వెండ్లరు 1957లో క్రియలను స్థితి, వ్యాపారము, నిష్పత్తి, సిద్ధి అని నాల్గువిధములుగా విభజించిన వ్యాసము ఈ వాదమునకు ఆధారము. క్రియాభావమును దశలుగా విభజించుట మనకు క్రొత్త కాదు. పుట్టుట, ఉండుట, మారుట, పెరుగుట, తరుగుట, నశించుట అను ఆరు భావవికారములను వార్ష్యాయణి మతముగా యాస్కుడు నిరుక్తమున చెప్పియున్నాడు. పత్తికాయ పగులుట సిద్ధి. మిరపకాయ ఎండుట వ్యాపారము. కావున క్షణక్రియ నడుమనుండి, సాగు క్రియ చివరనుండు కథను పిల్లలచే చెప్పించి చూడవలెను. కల్లములో కాయ ఎండుచుండగా గాలివాన వచ్చి పట్ట చినిగి, రైతు రాత్రియంతయు మేల్కొని కాపలా కాచిన కథ ఇందుకు చాలును. 'చినుగుట' పై భూతచిహ్నము పడునా, 'కాచుట' పై పడునా యనుట గమనించినచో రెండు వాదములలో ఏది బలవత్తరమో తేలును. ఈ పరీక్షకు యంత్రములక్కరలేదు, ఓపిక కావలెను.

రెండవది నేటి తెలుగులోనికి వచ్చిచేరిన ఇంగ్లీషు క్రియ. 'లోడు చేశారు', 'గ్రేడింగు చేస్తన్నారు', 'ఫెయిలయ్యాడు', 'స్టార్టు చేయలేదు' అని యార్డులోను ఇంటిలోను నిత్యము వినబడును. ఇందు ఇంగ్లీషు మాట కదలక మెదలక నామమువలె నిలుచును. కాలము, పురుషము, నిషేధము సర్వమును 'చేయు', 'అగు' అను తెలుగు ధాతువులు మోయును. అనగా మన బాలుడు బడికి రాకముందే ఎన్నో ఇంగ్లీషు క్రియలను ఎరుగును. కాని ప్రత్యయములు లేని మొండి రూపమున ఎరుగును. ఈ ఎరుక అతనికి సాయపడుచున్నదా, లేక ఇంగ్లీషు ధాతువు కదలని వస్తువను భ్రాంతిని కలిగించుచున్నదా? ఇంట వినిన క్రియలయందును, బడిలో మాత్రమే నేర్చిన క్రియలయందును ప్రత్యయలోపమును వేరువేరుగా లెక్కించినచో సమాధానము దొరకును. ఈ పనిని ఆంగ్లశాఖలు ఒంటరిగా చేయజాలవు; తెలుగు శాఖలు పూనుకొనవలెను.

8

ఉపాధ్యాయులకు ఈ విచారణవలన కలుగు ప్రయోజనమును సంగ్రహముగా చెప్పి ముగించెదను.

తప్పును దిద్దుటకు ముందు దాని పుట్టుకను గుర్తింపవలెను. 'డెయిలీ ఐ యామ్ గోయింగ్' వంటి తప్పు తెలుగునుండి వచ్చినదే గనుక, రెండు భాషలను ప్రక్కప్రక్కన నిలిపి చూపినచో విద్యార్థికి వెంటనే బోధపడును. తెలుగును తరగతినుండి వెలివేసినచో ఈ ఒక్క మందును చేజారును. 'హాజ్ గాన్' విషయమున పట్టికను మార్చి, బాలుడు పలుకు తెలుగునే పోలికకు నిలుపవలెను. 'హి గో', 'డిడ్ నాట్ వెంట్' అనునవి ఎదుగుదలలోని మెట్లు. మాన్‌ఫ్రెడ్ పీనెమను 1984లో చూపినట్లు, అభ్యాసకుడు సిద్ధముగానున్న మెట్టును బోధన త్వరపెట్టగలదు గాని, మెట్లను దాటింపజాలదు. ఇట్టి తప్పునకు మార్కులు కోసివేయుట పచ్చికాయను కోసి ఎఱ్ఱగా లేదని తాలులో కలుపుటవంటిది.

ఆ మెట్లు ఎక్కించునది అర్థవంతమైన భాషాపరిచయము. మన పొరుగు రాష్ట్రములైన కర్ణాటక, తమిళనాడులలో ఎన్. ఎస్. ప్రభు 1979 మొదలు 1984 వరకు నడపిన బెంగుళూరు ప్రయోగమున, సూత్రములను ముందుగా వల్లెవేయింపక, కాలపట్టికలు, పటములు మున్నగువానిని ఆధారముగా గొని పిల్లలచే ఆలోచనకు పనిపెట్టు కార్యములను చేయించిరి. ఆ ప్రయోగఫలితములపై భిన్నాభిప్రాయములున్నను, అందలి మెలకువ మనకు పనికివచ్చును. నిన్నటి మిరప ధరకును నేటి ధరకును గల తేడాను లెక్కించి చెప్పుమన్నచో, బాలుడు 'వాజ్' ను 'ఈజ్' ను అవసరముకొలది వెదకికొనును. అట్లు వెదకికొన్న రూపము నిలుచును.

కడపట ఒక్క మాట. తెలుగు అడ్డుపడుచున్నదను మాట వినిన బాలుడు తన ఇంట పలుకుబడినే ఒక లోపముగా భావించుకొనును. పొలమునుండి వచ్చిన తల్లి మాట అతనికి సిగ్గుగా తోచును. ఆ మాట నిజమైయున్నచో ఆ బాధను భరింపవలసినదే. కాని మొండి తప్పులకు సాక్ష్యమడిగినప్పుడు తెలుగు క్రియ నిర్దోషియై నిలుచుచున్నది. ఇంగ్లీషు మాధ్యమము కావలెనా వలదా యనుటకు వేరు ప్రమాణములు ఎన్నైన నుండవచ్చును. ఉభయపక్షములును వానితో వాదించుకొనవచ్చును. తల్లిభాష ఇంగ్లీషు క్రియకు శత్రువను ప్రమాణమును మాత్రము ఆ వాదమునుండి తొలగింపవలెను. క్రియాపదము ఆ సాక్ష్యము చెప్పుటలేదు.